చెయ్యి తట్టని ఎబినేజర్

ఎబినేజర్‌కూ నాకూ ఇరవై ఏళ్లు ఒకటే తగువు: రాయిస్ గ్రేసీ గొప్పవాడా, సకురాబా గొప్పవాడా? బెల్లంపల్లి బజారులో మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి ఆ పేర్లతో పనిలేదు. అయినా ఆదివారం పదకొండు దాటి మెథడిస్టు చర్చి విడవగానే, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చంకలో బైబిలు, నీళ్లతో అణిచి దువ్విన తల, అలాగే నేరుగా వచ్చి నా దుకాణం మెట్టెక్కేవాడు. కూర్చోకముందే మొదలు.

"ఏం తమ్మీ, నీ జపానోడు ఎట్లున్నడు? పాణం మంచిగున్నదా?"

శత్రువులను ప్రేమించమని పాస్టరు అప్పుడే చెప్పి పంపి ఉంటాడు. ఈయన ఇక్కడికొచ్చి, ఒకడి మెడ ఇంకొకడు ఎలా బిగించాడో నా మెడ మీదే చూపించేవాడు. నాకూ బుద్ధి లేదు, మెడ ఇచ్చేవాణ్ని.

అప్పట్లో నాది సీడీల దుకాణం. ఇప్పుడు అదే గదిలో జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు పెట్టుకుని జనానికి దరఖాస్తులు నింపిపెడుతున్నాను. 2004లో అనుకుంటా, హైదరాబాదు నుంచి తెచ్చిన మూటలో అట్ట మీద బొమ్మ కూడా లేని సీడీ ఒకటి కలిసి వచ్చింది. ఏముందోనని పెట్టి చూశాను. చుట్టూ జాలీ కట్టిన గోదా, లోపల ఇద్దరు మనుషులు. 1993లో అమెరికాలో, డెన్వర్ అనే ఊళ్లో జరిగిన మొదటి పోటీ అది. బాక్సింగువాడు, కరాటేవాడు, సుమోవాడు, ఇలా ఎనిమిది మందిని తెచ్చి ఏ విద్య గొప్పదో తేల్చుకోండని వదిలారు. ఒక బాక్సరైతే ఒక్క చేతికే గ్లౌజు తొడుక్కుని వచ్చాడు. కరవకూడదు, కళ్లు పొడవకూడదు, అంతకు మించి పెద్దగా రూల్స్ లేవు.

ఎబినేజర్ ఆ రోజు క్రిస్మస్ పాటల సీడీ కోసం వచ్చాడు. వచ్చినవాడు కౌంటరు దగ్గర నిలబడిపోయాడు. ఆ ఎనిమిది మందిలో సన్నగా, తెల్ల కరాటే బట్టల్లో ఉన్నవాడొకడు ఎవరినీ పెద్దగా కొట్టడం లేదు. పట్టుకుంటున్నాడు, కింద పడేస్తున్నాడు, మెడ బిగిస్తున్నాడు. కిందివాడు ఊపిరాడక నేల మీద చేత్తో తడుతున్నాడు. తట్టితే ఓడిపోయానని ఒప్పుకున్నట్టు. ఒకే సాయంత్రం ముగ్గురు అలా ఒప్పుకున్నారు.

"గీ సన్నపోడు ఎవడు తమ్మీ?"

"రాయిస్ గ్రేసీ అని రాసుందన్నా. బ్రెజిలోడట."

"మళ్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. క్రిస్మస్ పాటలు ఆ ఏడాది చర్చికి అందలేదు.

ఎబినేజర్ మనిషి అయిదడుగుల మీద నాలుగు వేళ్లు ఉంటాడు. బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తవ్విన చోట పైకప్పు మీద పడకుండా కింద దుంగలు నిలబెట్టే పని. బెల్లంపల్లిలో బాయిలు ఒకటొకటిగా మూతబడ్డాక తెల్లారి బస్సెక్కి మందమర్రి వైపు పోయేవాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఒంట్లో బాగా లేదని ఒక్క రోజు మస్టరు, అంటే హాజరు, పోగొట్టుకోలేదని చెప్పుకునేవాడు. అది అబద్ధం కాదు. ఒకసారి దుంగ జారి వేలు చితికితే గుడ్డ చుట్టుకుని షిఫ్టు పూర్తి చేసి వచ్చాడు. క్యారమ్స్‌లో కూడా ఓడిపోయానని అనడు, బోర్డు వంకరగా ఉందంటాడు. "పెండ్లినాడు గూడ పాస్టరుతోని వాదం పెట్టుకున్నడు గీయన," అని ఆయన భార్య బుచ్చవ్వ వదిన నవ్వేది.

సకురాబా నాకు తర్వాత దొరికాడు, ఇంకో సీడీలో. 2000 సంవత్సరం, టోక్యో. ఇదే గ్రేసీ, ఎదురుగా సకురాబా అనే జపాన్ కుస్తీవాడు. ఇద్దరూ తొంభై నిమిషాలు కొట్టుకున్నారు. సకురాబా తన్ని తన్ని చివరికి గ్రేసీ కాలు నిలవకుండా చేశాడు. గ్రేసీ మాత్రం చెయ్యి తట్టలేదు. అతని పక్కన నిలబడ్డ సొంతవాళ్లే ఇక చాలని గోదాలోకి తువ్వాల విసిరారు. సకురాబా అదే రోజు మళ్లీ లేచి ఇంకో బలిసినవాడితో పదిహేను నిమిషాలు పోరాడాడు.

"గింతకన్న గొప్పోడు ఉంటడా?" అని నేను.

"నీ వాడు గెల్సిండు, నా వాడు ఓడలే," అని ఎబినేజర్. "చెయ్యి తట్టిండా? చెప్పు, తట్టిండా? తువ్వాల ఏసింది వేరేటోళ్లు. గాళ్లకేం హక్కున్నది?"

"ఏయకపోతే మనిషి మిగులుతుండెనా? అసలు గొప్పోడు తువ్వాల ఏసినోడన్నా. సొంతోని తిట్లు పడ్డా మంచిదని ఏసిండు సూడు, గాడు."

"నా మీద తువ్వాల ఏసినోడు నావోడు కాదు తమ్మీ. రాసిపెట్టుకో."

ఇదే మాట, ఇదే జవాబు. సీడీలు పోయాయి, అవే పోట్లాటలు ఫోనులోకి వచ్చాయి, మా ఇద్దరి తలలు నెరిశాయి. వాదనలో నాదే పైచేయి అని నాకు గట్టి నమ్మకం. ఎదుటివాడు ఒప్పుకోకపోవడమే కొరత.

ఒక ఆదివారం గ్రేసీ తనకన్నా ఎంతో బరువైనవాడి కింద పావుగంట నలిగి చివరికి కాళ్లతోనే వాడి మెడ బిగించిన సంగతి చెబుతూ చెబుతూ దగ్గాడు. దగ్గు ఆగలేదు. దుకాణం వెనక నల్లా దగ్గరికి పోయాడు. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని వెనకే వెళ్తే తొట్టి ఎర్రగా ఉంది. నల్లా తిప్పి కడిగేశాడు.

"చిగురు," అన్నాడు. "పంటి చిగురు."

"ఎన్ని దినాల సంది?"

"చిగురంటే ఇనవా?"

తర్వాత ఆ చిగురును నేను ఇంకో మూడుసార్లు చూశాను. ఇంట్లో ఎవరికీ చూపించేవాడు కాదు. నన్ను మాత్రం చూడనిచ్చాడు. అందుకు నాకు లోలోపల గర్వంగా ఉండేది, ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇక్కడ ఆరాధన గురించి చెప్పాలి. ఎబినేజర్‌కు ఒక్కతే బిడ్డ. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివింది. పదేళ్లుగా ఒక బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపిస్తోంది. పెళ్లి మాటెత్తితే "ముందు నౌకరి, తర్వాత మొగడు" అనేది. బాయి కార్మికుల ఇళ్లలో ఆ నౌకరికి దారి ఒకటుంది. తండ్రికి జబ్బు చేసి పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, అంటే 'అన్‌ఫిట్' అయితే, అతని ఉద్యోగం బిడ్డకు వస్తుంది. ఉండే కంపెనీ క్వార్టరూ నిలబడుతుంది. కానీ తండ్రికి ఇంకా రెండేళ్ల సర్వీసు మిగిలి ఉండగానే అది జరగాలి, బిడ్డ వయసు కూడా ముప్పై అయిదు దాటకూడదు. ఆరాధనకు ముప్పై నాలుగు. ఎబినేజర్‌కు మిగిలింది రెండేళ్ల నాలుగు నెలలు. అన్‌ఫిట్ మాట వింటేనే ఇంతకాలం లేచి బయటికి పోయిన మనిషి, చివరికి ఆ పిల్ల ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చేసరికి నా దగ్గరికి వచ్చి దరఖాస్తు నింపమన్నాడు. నింపాను.

బోర్డుకు పిలుపు వచ్చింది. వెంట ఒక మనిషిని తెచ్చుకోవచ్చు. బుచ్చవ్వ వదిన చీర సర్దుకుంటుంటే వద్దన్నాడు.

"నిరంజన్ వస్తడు. నువ్వొస్తే ఆడ ఏడుస్తవ్," అని నా వైపు చెయ్యి చూపించాడు.

రైలులో కిటికీ పక్కన కూర్చుని తనంతట తానే అన్నాడు. "చెప్త తమ్మీ. నెత్తురు పడుతున్నదని చెప్త. బిడ్డ కోసం చెప్త. నువ్వేం ఫికర్ చేయకు."

నేను ఫికర్ చేయలేదు. చెప్పేస్తాడనే అనుకున్నాను.

బొగ్గు కంపెనీ పెద్దాసుపత్రి వరండాలో ముప్పై మంది దాకా ఉన్నారు. అక్కడ నిజంగా జబ్బున్నవాళ్లెవరో, బిడ్డల నౌకరి కోసం జబ్బు తెచ్చుకున్నవాళ్లెవరో దేవుడికే తెలియాలి. ఒకాయన రైల్వే స్టేషను నుంచి మాతోపాటు నడిచి వచ్చి, గేటు దగ్గర చక్రాల కుర్చీ ఎక్కాడు. ఒకాయన నిద్ర లేకుండా రెండు రోజులు గడిపి కళ్లు పీక్కుపోయేలా చేసుకుని వచ్చాడు. వాళ్లను నేను తప్పుపట్టను. పిల్లల కోసం మనిషి ఏమైనా చేస్తాడు. మా పక్కన పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చిన వెంకటి అనే ఆయన, అందరికన్నా ముందు నుంచి దగ్గడం సాధన చేస్తున్నాడు. అంతలో ఎబినేజర్‌కు దగ్గు వచ్చింది. ఆపుకున్నాడు, ఎప్పటిలాగే గొంతులోనే తొక్కిపెట్టాడు.

వెంకటి జాలిగా చూశాడు.

"పెద్దాయన, గిట్లయితే నీకు కాదు. నీది దొంగ దగ్గు లెక్కనే ఉన్నది. కడుపుల నుంచి రావాలె. సూడు నన్ను." వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టి దగ్గి చూపించాడు. "జర నేర్చుకో. డాక్టర్లు ఊకె నమ్మరు."

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఆ మాటలో చెడు లేదు, సాయం చేద్దామనే అన్నాడు. అటుపక్కగా పోతున్న వార్డుబాయ్ ఒకడు "అందరియి నాటకాలే" అని గొణిగి పోయాడు. ఎబినేజర్ ముఖం చూశాను. దవడ బిగుసుకుంది. మా వంతు రావడానికి ఇంకా అరగంట పట్టింది. ఆ అరగంటలో నేను ఏదో ఒకటి అని ఉండాల్సింది. చాయ్ తాగుదామా అన్నాను.

లోపల డాక్టరమ్మ చెడ్డది కాదు. ఎక్స్‌రే ఎత్తి పట్టుకుని చూసింది. పాత మచ్చలు ఉన్నాయంది. ఒక గొట్టం ఇచ్చి మిషనులోకి ఊదమంది. ఆ గొట్టాన్ని మెల్లగా ఊదాలని బయట ప్రతివాడికీ తెలుసు. ఎబినేజర్ మెడ నరాలు పొంగేలా ఊదాడు. డాక్టరమ్మ కాగితం చూసి కనుబొమ్మలెత్తింది.

"దగ్గు ఉంటదా?"

"ఉంటది మేడం. బొగ్గు పని గదా. అందరికుంటది."

"నెత్తురు పడుతదా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. వెంకటి దగ్గు తలుపు అవతల నుంచి వినిపిస్తూనే ఉంది. ఎబినేజర్ నిటారుగా కూర్చున్నాడు.

"లేదు మేడం."

ఆమెకు ఎందుకో అనుమానం వచ్చింది. నా వైపు తిరిగింది.

"మీరు వెంట వచ్చిన్రు గదా. మీరెప్పుడన్న చూసిన్రా?"

ఇన్నేళ్లు నేను వాదించింది ఇదే. పక్కన నిలబడ్డవాడు మాట్లాడాలని, తిట్లు పడ్డా మంచిదేనని. ఎబినేజర్ నన్ను చూశాడు. బతిమాలలేదు, బెదిరించలేదు. ఈమె ముందు నన్ను తక్కువ చేస్తావా అన్నట్టు చూశాడు. ఆరాధన గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. వచ్చినా సరే, ఆ చూపు ముందు నిలబడలేకపోయాను. నువ్వు నావోడివి కాదంటాడేమోనని భయపడ్డాను. అంతే, ఇంకే కారణమూ లేదు.

"నాకు తెల్వది మేడం," అన్నాను.

ఆమె రాసుకుంది. బాయి దిగకుండా పైన నేలమీద తేలిక పని ఇవ్వమని కూడా రాస్తానంది. ఎబినేజర్ ఫిట్.

తిరుగు ప్రయాణంలో మొదటి గంట ఆయన హుషారు చూడాలి. ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాడికి కూడా గ్రేసీ కథ చెప్పాడు. నేనూ నవ్వాను. పెద్దపల్లి దాటాక ఆ హుషారు దిగిపోయింది. గోదావరి వంతెన మీద రైలు చప్పుడులో నా మోకాలి మీద చెయ్యి వేసి అన్నాడు.

"పిల్లకు ఏం చెప్దాం తమ్మీ?"

ఏం చెప్పామంటే, బోర్డు వాళ్లు సరిగా చూడలేదని చెప్పాం. ఏమీ అడగలేదని, వరుసగా పంపించేశారని చెప్పాం. ఆయన గోడవైపు తిరిగి కూర్చుని చెప్పాడు, నేను పక్కన నిలబడి తలూపాను. బుచ్చవ్వ వదిన డాక్టరమ్మకు శాపనార్థాలు పెట్టింది. ఆరాధన మాత్రం ఏడవలేదు.

"అట్లెట్ల ఇడిసిపెడుత కాకా? రాయి. అర్జీ రాయి. మళ్లొకసారి చూడుమను."

రాశాను. నా దుకాణంలోనే, నా చేతులతోనే. "మా తండ్రిగారికి రక్తం పడుతున్న విషయం బోర్డు వారు విచారించనే లేదు" అని ఆమె పక్కన నిలబడి చెబుతుంటే అచ్చుతప్పు లేకుండా టైపు చేశాను. ఆమెకు అప్పటికి నెత్తురు సంగతి తెలిసిపోయింది, తలగడ మీద చూసింది. ఒక అర్జీ కాదు, ఆరు. ప్రతిసారీ ఒక కాపీ తీసి ఫైలులో పెట్టి ఇచ్చేవాణ్ని. ఎక్కడి నుంచీ జవాబు రాకముందే ఆ పైనున్న నాలుగు నెలలూ అయిపోయి, సర్వీసు రెండేళ్ల లోపుకు వచ్చింది, నౌకరి దారి మూసుకుపోయింది. ఇక నిజం చెప్పినా ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిద్ర పట్టడానికి ఆ మాట పనికొచ్చింది.

ఎబినేజర్ మిగిలిన రెండేళ్లూ డ్యూటీ చేశాడు. బాయి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో కూర్చోబెట్టారు. ఆదివారాలు వచ్చేవాడు, కానీ మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగేవాడు. తగువు పడటం మానేశాడు. నేనే కెలికేవాణ్ని, గ్రేసీ ముసలోడయ్యాడు అనేవాణ్ని. నవ్వి ఊరుకునేవాడు. రిటైరయ్యి, క్వార్టరు ఖాళీ చేసి, కన్నాల బస్తీలో రేకుల ఇంటికి మారాక ఒక రోజు ఆటోలో వచ్చాడు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. చాలాసేపు కూర్చున్నాడు.

"నువ్వన్నదే కరెక్టు తమ్మీ," అన్నాడు.

"ఏది?"

"తువ్వాల ఏసినోళ్లది తప్పు లేదు."

ఇరవై ఏళ్లు ఎదురుచూసిన ఒప్పుకోలు అది. నన్ను తిడుతున్నాడా, తనను తిట్టుకుంటున్నాడా అని అడగబుద్ధి కాలేదు. ఆటోవాణ్ని పిలిచి ఎక్కించాను.

రిటైరైన ఎనిమిదో నెలలో పోయాడు. చివర్లో కరీంనగర్ తీసుకుపోతే, అక్కడి డాక్టరు స్కాన్ చూసి, ఈ మనిషికి మూడేళ్ల నుంచైనా నెత్తురు పడుతూ ఉండాలి, బోర్డు వాళ్లు అడగకుండా ఎలా ఉన్నారని ఆశ్చర్యపోయాడట. ఆ మాట ఆరాధన మనసులో నాటుకుంది. సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన చేస్తుంటే నేను అందరికన్నా వెనక నిలబడ్డాను. ఆరాధన నన్ను ముందుకు పిలిచి, బాపు దోస్తు అని చెప్పి నా చేత కూడా గుప్పెడు మట్టి వేయించింది.

రెండు నెలల తర్వాత మధ్యాహ్నం పూట దుకాణానికి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఇప్పుడు ముప్పై ఏడు. సమాచార హక్కు కింద ఆమె ఫోనులోనే దరఖాస్తు పెట్టుకుందని నాకు తెలియదు, నన్ను ఇంకా కష్టపెట్టడం ఎందుకని చెప్పలేదట. కవరు నుంచి ఒక కాగితం తీసింది.

"రెండు కాపీలు తియ్యి కాకా."

తీసుకుని మిషను అద్దం మీద బోర్లించాను. కాపీ బయటికి వస్తుంటే అలవాటుగా కళ్లు పోయాయి. బోర్డు కాగితం. డాక్టరమ్మ చేతిరాత. రక్తం పడుతుందా అని అడగగా లేదని రోగి చెప్పాడు. వెంట వచ్చిన నిరంజన్‌ను అడగగా తనకు తెలియదన్నాడు. నా పేరు స్పష్టంగా ఉంది.

రెండో కాపీ కూడా వచ్చింది. మిషను ఆగింది. నేను ఆమె వైపు తిరగలేకపోయాను.

"బాపుకు సిగ్గు," అంది. గొంతు పెంచలేదు. "జిందగీ అంత గదే సిగ్గుతోని బతికిండు, నాకు ఎరికే. ఆయన చెప్పలేడని ఎరికుండె, గందుకే నువ్వు పోతున్నవంటె నిమ్మలంగ ఉన్న. నీకేమైంది కాకా?"

మీ బాపు నన్ను చూశాడమ్మా అనాలా?

"ఆరు అర్జీలు రాసినవు," అంది.

అసలు కాగితం, ఒక కాపీ మడిచి కవరులో పెట్టుకుంది. రెండో కాపీ తీసుకోలేదు. కౌంటరు మీద నా వైపు తిప్పి పెట్టింది.

"ఇది నీకే," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.